రిటర్న్ టికెట్టు

డన్ లేరీ రేవులో ఇరవై ఆరేళ్లు
అవతలి దేశం పడవకి టికెట్లు కొట్టాను.
అడక్కుండానే తెలిసిపోయేది:
చిన్న సంచీ, శనివారం తిరుగు ప్రయాణం,
చిల్లర లెక్కపెడుతూ వణికే వేళ్లు.

ఒక పిల్ల, యాసబట్టి లీట్రిమ్ వైపు,
"సముద్రం ఎలా ఉందివాళ?" అంది.
"నిమ్మళంగానే ఉంది తల్లీ."
అబద్ధం. అలలు గోడ దాటుతున్నాయి.

నాకు ముగ్గురు.
నాలుగోది పన్నెండో వారంలో జారిపోయింది.
దానికో పేరు పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పను.
అందుకేనేమో ఆ మాట వింటే ఇప్పటికీ
కడుపులో కలుక్కుమంటుంది.
ఫాదర్ టిమొనీ చెప్పేది తప్పని నేననను.

కానీ చట్టం ఒక్కరినైనా ఆపిందా?
పడవెక్కించింది, అంతే.
ఆ డబ్బు నాచేత లెక్కపెట్టించింది.

ఓటు గది బడిలో. పొట్టి కుర్చీలు,
దారానికి కట్టిన పెన్సిలు.
నాలుగోదాని పేరు లోలోపల ఒకసారి పలికి,
లీట్రిమ్ పిల్ల ముఖం ఎంతకీ గుర్తురాక
వేళ్లు మాత్రం గుర్తొచ్చి
ఇంటూ గుర్తు పెట్టాను.

"ఎటేశావ్?" అన్నాడు డెక్లాన్, టీ కలుపుతూ.
సముద్రం ఎలా ఉందో చూసొస్తానని
కోటు తొడుక్కున్నాను.