తొమ్మిదో గొట్టం

ఐల్సా ముత్తవ్వ ఈ డండీలోనే
జనపనార మిల్లులో పనిచేసిందట.
ముందు నారకి తిమింగలం నూనె పట్టించేవారట,
లేకపోతే పుటుక్కుమనేదట పోగు.
టే నది మీంచి గాలి తిరిగినప్పుడు
ఇటుకలు ఇప్పటికీ ఆ వాసనేస్తాయంటుంది.
నాకెప్పుడూ రాలేదు.
నాకు క్లోరోఫామ్ ఒక్కటే తెలుసు.

మూడున్నరకే చీకటి పడే ఊళ్లో
కొవ్వు తూచడం నా ఉద్యోగం.
కంటికి ఆనని కొవ్వు.
కణం చుట్టూ రెండు వరసల్లో నిలబడి
తలలు నీళ్లకిచ్చి, తోకలు లోపల దాచుకుని
లోపలా బయటా అనే మాటలకి అర్థమిచ్చేది.
గుడ్డుసొనలో ఉండేదే, కొత్తదేం కాదు.
ఫాస్ఫోలిపిడ్ అంటే
"అదేం తిట్టే?" అంది మా అక్క ఫోన్లో.

రాచపుండు ఆకలి వేరు.
పుట్టే ప్రతి కణానికీ కొత్త తొడుగు కావాలి,
కరువులో వాడిలా కోలిన్‌ని లాక్కుంటుంది
పక్క విస్తట్లోంచి కూడా.
స్కాన్‌లో మెరిసేది అందుకే,
తింటూ దొరికిపోయిన దొంగ.

వాపు అలాక్కాదు.
ఇంటి గోడలోంచే కట్టె పీకి పొయ్యిలో పెడుతుంది.
ఒక ఎంజైము, కత్తిపీట ముందు కూర్చున్న పెద్దావిడలా,
తొందరేం లేకుండా
రెండు తోకల్లో ఒకటి తరుగుతుంది.
యంత్రంలో ఆ ముక్క బరువు మూడు వందల మూడు.
దాంట్లోంచే మంట, ఎరుపు, సలుపు,
పొద్దున్నే తిరగని సీసా మూత.

పోయిన మంగళవారం
జబ్బు లేనివాళ్ల రక్తం ఒకటి తక్కువైంది.
నాదివ్వనా అని చొక్కా చెయ్యి మడిచాను.
ఆ వరసలో తొమ్మిదో గొట్టం నాది.
పేరుండదు, నంబరే.
రాత్రంతా యంత్రం తన మానాన గీసుకుంటూ పోయింది.
ఎనిమిది గీతలు పడుకున్న గుట్టలు.
తొమ్మిదో దాంట్లో, మూడొందల మూడు దగ్గర,
మిల్లు పొగగొట్టం.

ఐల్సా గీతని చూసింది, నన్ను చూడలేదు.
"సూది మురికయ్యుంటుంది, మళ్లీ నడుపుదాం."
నడిపాం.
సూది శుభ్రంగానే ఉంది.

ఒక్క గీత చూసి జబ్బు చెప్పకూడదు,
కొత్తగా చేరిన పిల్లలకి ఆ మాట చెప్పేది నేనే.
అయినా వేళ్లు గుర్తొచ్చాయి.
ఏడాదిగా చలిలే అని సర్దిచెప్పిన వేళ్లు.
చపాతీపిండి కలపడం మానేసిన నెల.
సబ్బు రాసి లాగి సొరుగులో పడేసిన ఉంగరం.

పట్టికలో తొమ్మిదిని కొట్టేశాను.
పక్కన కారణం అని ఒక గడి ఉంటుంది.
దాంట్లో కర్సరు చాలాసేపు మిణుకుమంది.

"మీ ముత్తవ్వ చేతులెలా ఉండేవి?" అడిగాను.
ఐల్సా నా చేతిలో గొట్టం అందుకుని
మూత తిప్పి తిరిగిచ్చింది.
"మెత్తగా, ఆ నూనెకి.
మడవడానికి మాత్రం వచ్చేవి కాదట."