చప్పుళ్ల పెట్టె

ఎండు బఠాణీలు తగరప్పళ్లెంలో దొర్లితే వాన.
తడిగుడ్డ టపటపా దులిపితే కోళ్లు.
బ్లాంటైర్ స్టూడియోలో, అద్దానికి ఇవతల,
పందొమ్మిదేళ్లు నా కూడు ఇదే.

కాగితంలో 'భర్త' అని కనబడగానే
చేతులకు బూట్లు తొడుక్కుని
సిమెంటు పలక మీద నడిచేవాణ్ణి.
టక్, టక్, ఆగి, టక్.
ఆ ఆగడంలోనే ఊళ్లకు ఊళ్లకు తెలిసిపోయేది
ఆయనకు కోపమొచ్చిందని.
తలుపూ ఆయనదే, కీలు మూలిగే తలుపు.
ఆవిడ ఎన్నడూ తలుపు తీసుకుని రాలేదు.
ఎప్పుడు చూసినా లోపలే ఉండేది.

'భార్య' అంటే రోకలి.
దంచుతూ మాట్లాడేది, దంచుతూ ఏడ్చేది,
దంపుడు ఆగిందంటే పోయిందని లెక్క.
చెడ్డదైతే గాజులు.
అవీ నా పెట్టెలోవే, సీసామూతలు గుచ్చినవి.
మంచివాళ్లకు గాజులుండవని
ఎవరన్నారో గుర్తులేదు. నేనే కావచ్చు.

ఆ వేషం డొరికాది.
లింబె బజారుకు వెళితే గొంతు పోల్చుకుని
"ఓర్చుకో తల్లీ, మారతాడులే" అంటూ
ఆడవాళ్లు ఒక టమాటా ఎక్కువ వేసేవాళ్లు.
అవి తెచ్చి మాకు పంచేది.
తను మాత్రం తినేది కాదు.

రెండొందల పదకొండో భాగం.
కథలో ఆవిడ నర్సు చదువుకని బస్సెక్కాలి.
డొరికా కాగితం దించి నా వైపు చూసింది:
"బస్టాండు దాకా ఎట్లా వెళ్లానయ్యా వైసన్?
ఎగిరా?"

పెట్టె అంతా కెలికాను.
గుర్రం ఉంది, రైలుంది,
దుమ్ములగొండి రెండు రకాలుంది.
ఆడమనిషి నడక లేదు.
తన చెప్పులే విప్పి ఇచ్చింది.
ఎడమదానికి పట్టీ తెగిన చోట రాగితీగ కట్టు.
నా చేతులు వాటిలో సరిగ్గా పట్టలేదు.
అయినా నడిపాను. అడుగడుక్కీ తీగ
గిల్, గిల్ మంది.

మూడు వారాలకు న్సాంజె నుంచి ఉత్తరం:
"శుక్రవారం నాటకంలో ఏదో గిలకరింపు వస్తోంది.
రేడియో చెడిందని బ్యాటరీలు కూడా మార్చాం.
దయచేసి బాగుచేయించగలరు."
డైరెక్టర్ బెస్టర్ పైకి చదివి నవ్వాడు,
నవ్వు ఆపి "తీసెయ్" అన్నాడు.
తీసేశానన్నాను.
మైకుకు జానెడు ఎడంగా జరిపాను, అంతే.

ఇంట్లో ఫాలెసి
నేను మలుపు తిరగగానే పొయ్యి మీద నీళ్లు పెట్టేది.
నా అడుగు తెలుసట, వానలోనైనా.
ఆ రాత్రి కరెంటు లేదు.
కళ్లు మూసుకుని ఆమె అడుగు కోసం కాచుకున్నాను.
పెరట్లోకి వెళ్లిందట, బొగ్గులు ఆర్పిందట,
నాకే దుప్పటి కప్పిందట.
తెల్లారి తను చెబితే తెలిసింది.
ఉత్త కాళ్లు. అలికిన నేల.

పళ్లెంలో మొక్కజొన్న పిండి పోసుకుని
రెండు వేళ్లతో నడిచి చూశాను.
మళ్లీ.
ఇంకొంచెం మెల్లిగా.