నీళ్ళు మాగేదాకా

బొట్స్‌ఫ్యోర్డ్‌లో సూర్యుడు సెలవు పెట్టి వెళ్ళిన వారమే
మా ఇంటికి గాజుతొట్టి వచ్చింది.
అరవై లీటర్లు.
సోల్‌వైగ్ అత్త పిల్లలు పెద్దవాళ్ళయి వదిలేసింది,
మూలన సన్నటి గీత.
కారదని అత్త ఒట్టేసింది.
ఐవిన్ ఆ రాత్రంతా కింద తువ్వాలు పరిచి
తడిమి తడిమి చూశాడు.

తూరాకి ఐదేళ్ళు.
గులకరాళ్ళు కడిగే పని తనది.
మోచేతులదాకా బకెట్లో ముంచి
ఒక్కొక్క రాయికీ మొహం కడిగింది.
"ఇప్పుడు చేపలు?"

ఇప్పుడే కాదు, నీళ్ళు మాగాలి.
కంటికి కనపడని పురుగులేవో ముందు కాపురం పెట్టాలి.
అవి ఇల్లు అలికి ముగ్గేశాకే
చుట్టాలు దిగాలి.
"ఎన్నాళ్ళు?"
దుకాణం అతను కాగితం మీద రాసిచ్చింది చూపించాను.
ఆరు. దాని పక్కన వారాలు అనే మాట
తనకింకా చదవడం రాదు.

ఆరు రోజులయ్యాక ఏడ్చింది.

తర్వాత కుర్చీ జరుపుకుని
ఖాళీ నీళ్ళముందు కూచోవడం అలవాటు చేసుకుంది.
మధ్యాహ్నం పన్నెండింటికి కిటికీలో కాస్త నీలం,
ఒంటిగంటకి అదీ ఉండదు.
ఇంట్లో పొద్దంటే ఆ తొట్టిమీది దీపమే.
రోజు విడిచి రోజు గాజుగొట్టంలో చుక్కలు వేసి
రంగు తేలేదాకా ఊపిరి బిగపట్టేవాళ్ళం.
"అమ్మా, ఇవాళ కూడా ఊదానే."
ఊదా అంటే నీళ్ళింకా విషం.

నాలుగోవారం, ఆకు వెనకనుంచి,
ఎవరూ కొనని, ఎవరూ పిలవని నత్త.
ఆవగింజంత.
తూరా వేసిన కేకకి కింది వాటా ముసలాయన తలుపు తీశాడు.
దానికి హల్గైర్ అని పేరు పెట్టింది,
మా ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ పేరు.
నిదానంగా తిరుగుతూ అన్నీ చూస్తుందట.

నా షిఫ్టులో ఎన్ని కాడ్ చేపలు
నా కత్తి కింద నుంచి పోతాయో
యంత్రానికి తెలుసు, నాకు తెలీదు.
ఇంటికొచ్చి చేతులు రుద్దుకుని,
ఆ సబ్బువాసన కూడా పోయేదాకా కడుక్కుంటే తప్ప
తొట్టిలో వేలు పెట్టనివ్వదు నా కూతురు.
"నీ చేతులు వాటికి తెలిసిపోతాయి" అంటుంది.
ఇంకా అక్కడ ఏ చేపా లేదు.

జనవరి చివర్లో ఐవిన్ వాడ్సోనుంచి తెచ్చాడు.
రెండున్నర గంటలు బస్సులో,
కోటులోపల, గుండెకానించి,
నెలలు నిండినదానిలా పొట్టమీద చెయ్యి వేసుకుని.
సంచిని నీళ్ళమీద తేలనిచ్చాం,
ఈ వెచ్చదనం ఆ వెచ్చదనాన్ని గుర్తుపట్టేదాకా.
తర్వాత ఆరు నీలం దారాలు
సూదుల్లేకుండానే నీళ్ళని కుట్టడం మొదలుపెట్టాయి.
తూరా మాట్లాడలేదు.
చాలాసేపటికి గాజుకి ముక్కు ఆనించి
"హల్గైర్, భయపడకు" అంది.

పదకొండో రోజు పొద్దున
ఐదే కుడుతున్నాయి.

ఆరోది వలలోకి తీశాను.
ఏళ్ళ తరబడి చేపలు పట్టిన చెయ్యి,
గోరంత లేని దాన్ని
ఎలా పట్టుకోవాలో తోచక వణికింది.
"సముద్రం వీధి చివరే ఉందిగా" అన్నాడు ఐవిన్.
"అక్కడ చలి. అక్కడెవరూ తెలీదు దానికి."
పాతిపెడదామంటే
మే నెలదాకా నేల గునపానికి లొంగదు.
చివరికి అగ్గిపెట్టె ఖాళీ చేసి, దూది పరిచి,
పైన నీలం పెన్సిల్‌తో ఒక గీత గీసి,
ఫ్రీజర్లో పెట్టించింది.
మంచు కరిగాక చూద్దామంది.

శుక్రవారం రాత్రి కూర కోసం
అదే ఫ్రీజర్ తెరిచాను.
ఫ్యాక్టరీ ఇచ్చిన కాడ్ ముక్కల పొట్లాలమీద
అగ్గిపెట్టె.
దాన్ని కొంచెం పక్కకి జరిపితే సరిపోయేది.

తలుపు మూసేసి
బంగాళాదుంపలు ఉడకేశాను.