హల్లా మూల

ఊలు పట్నంలో డిసెంబరు. మధ్యాహ్నం రెండింటికే
పొద్దు గూకేసింది.
స్టాండు దీపాన్ని కావడిబద్దలా భుజాన వేసుకుని
మూడో అంతస్తుకి ఎక్కాను.
టూలిక్కి గారు తలుపు తీసి
ముందు నా బూట్ల మంచు చూశారు, తర్వాతే దీపం.

పైకప్పు లైటు ఆర్పమన్నాను.
నలభై ఏళ్ళుగా అది ఆ గదిని
ఠాణాలో దొంగని నిలదీసినట్టు నిలదీస్తోంది.

సోఫా పక్కన పెట్టాను:
ఆవిడ చేతుల వయసు బయటపడింది.
బీరువా దగ్గరికి జరిపాను: దుమ్ము.
గోడకేసి తిప్పాను.
వెలుగు గోడని తాకి, పదును పోయి,
గోరువెచ్చటి నీళ్ళలా నేలంతా పరుచుకుంది.

"ఇంక ఆ మూల మిగిలింది," అన్నాను,
చదువుకున్నవాడి ధీమాతో.
"చీకటి మూల గదిని ఇరుకు చేస్తుంది."

"అది హల్లాది. దాని జోలికి పోకు."

హల్లా ఎవరని అడిగేలోపే
చీకట్లోంచి గురక.
పదిహేనేళ్ళ కుక్క. రెండు కళ్ళకీ పొరలు.

"కనిపించదు కదా, దీపం ఉంటే దానికేం?"

"బల్బు వేడి తగిలితే తెల్లారిందనుకుంటాడు.
లేచి తలుపు దగ్గర నిలబడతాడు, షికారుకని.
ఈ చలిలో రోజుకెన్నిసార్లు
తెల్లారమంటావు వాడికి?"

దీపాన్ని మూడు బెత్తెలు వెనక్కి జరిపాను.
గొడుగు కొంచెం వంచాను.
ఇంకొంచెం.
గురక ఆగలేదు.

కిందికి దిగి, వీధిలో నిలబడి పైకి చూశాను.
సగం కిటికీ పసుపు.
మిగతా సగం
నిద్రపోతోంది.