పదారు బోరు

మా జేజినాయన ఉలిగయ్య వదిలిపోయినవి
మూడెకరాల ఎర్రనేల,
యాడా తూటా దొరకని ఒక తుపాకి.
లైసెన్సు నా పేరుకు మారేకి రెండేండ్లు పట్టె,
తూటా సంగతి ఎవురూ చెప్పలేదు.

పత్తికొండకు పడమటేపు మా చేను.
బుడ్డలు ఊడ దిగే నెలలో
పందులు మందగా వచ్చి
మూతుల్తో సాళ్ళు తిరగేసి పోతాయి.
డబ్బా కొడితిని.
సెల్లులో కుక్కల్ని మొరిగిస్తిని.
మూడో రాత్రికి ఆ కుక్కలు ఉత్తవేనని వాటికి తెలిసిపాయె.
నాకు కావాల్సింది పంది ప్రాణం కాదు సామీ,
ఆకాశంలోకి ఒక చప్పుడు,
నా చెయ్యి నాకు మిగిలే చప్పుడు.

ఆదోనిలో అంగడాయన సొరుగు కూడా తెరవలేదు.
"పన్నెండు ఉండాది. పదారు ఎవురు వాడతారప్పా?"
గుంతకల్లులో ఒకడు
ఇరవై బోరు తూటా నా అరచేతిలో పెట్టి
"కాగితం చుట్టి దూర్చు, పోతాది" అనె.
పక్కింటాయన మాత్ర మింగమన్నట్ల.

కర్నూలు పాతూరు సందులో హుసేన్ పీరా.
బల్ల మీద ఆకురాయి, నూనె గుడ్డ, చల్లారిన టీ.
తుపాకి మడిచి, గొట్టాన్ని వీధి వెలుగుకెత్తి
నెలపొడుపు చూసినట్టు చూసె.
"పదారంటే ఏమనుకున్యావు?
పౌను సీసం కరిగించి
సమానంగా పదారు గుండ్లు పోస్తే
అందులో ఒక గుండు పట్టే నోరు ఇది.
అంకె పెరిగేకొద్దీ నోరు చిన్నది."
ఎకరాలు పెరిగితే నోరు పెద్దదయ్యే ఊరు మాది,
నవ్వొచ్చె నాకు. ఆయన నవ్వలేదు.

ఆ ఇరవై తూటాను నా గొట్టంలో నిలిపి
నా చెవి కాడ ఊపె.
ముసలామె చేతికి వదులైన గాజు మాదిరి ఆడె.
"ఇది పేలితే తొడుగు చీలి
ముందుకు పోవాల్సిన మంట
నీ మొగానికి తిరుగుతాది."

గోడకొక గొట్టం వేలాడుతుండె,
పగిలిన పత్తికాయ లెక్క నాలుగు పాయలై.
పన్నెండులోకి ఇరవై జారి నడిమధ్య ఇరుక్కుంటే
ఖాళీ అనుకోని వెనక ఇంకోటి పెట్టినాడంట.
"ఎవురిదన్నా అది?"
"తొందరపడినోనిది."

గాదె కింద దొరికిన ఏడు పాతవి కూడా
సంచిలో నుంచి తీసి వరసగా పెడితిని.
అట్ట తొడుగులు ఉబ్బి, ఇత్తడి పచ్చబారి.
పెట్టె మీద జేజినాయన పెన్సిలు రాత,
మా నాయన పుట్టిన సంవత్సరం.
పీరా వాటిని తిరిగియ్యలేదు.
పెట్టె మాత్రం ఇచ్చె.

గది పొడుగు కొలిచి బీడీకట్ట కాగితం మీద రాసె:
పదారు. అరవై ఐదు మిల్లీమీటర్లు. డెబ్బై వద్దు.
"డెబ్బై గూడా దూరుతాది, మోసపోవద్దు.
పేలినాక విచ్చుకునేకి దానికి జాగా చాలదు.
పాత ఇనుము ఇది, మెత్తని మందే ఉండాల.
దొరికేదాకా డబ్బా కొట్టుకో."

అంతలో ఎన్నికలొచ్చె.
మెడకు నెంబరు చీటీ కట్టుకోని
తుపాకి టేషన్లో నెలన్నర పండుకునె.
చేన్లో పందులకు ఏ కోడూ లేదు.

కార్తీకంలో పీరా పోను చేసె.
"వచ్చినాయి. పది.
పెట్టె మీద రాసింది నమ్మకుండా నేనే కొలిచినా."
అప్పటికి బుడ్డలు పెరికి, రాల్చి,
పందులు తినంగా మిగిలింది పదకొండు మూటలు.
అయినా తెల్లారి బస్సెక్కితి.

రిజిస్టరులో సంతకం పెట్టినాక
పీరా ఒకటి తీసి గదిలో జార్చె.
గలగల లేదు.
టక్కు మనె.
అంచు కాడ గోరు పట్టే సందు కూడా లేదు.
ఆయన మొగంలో మొదటిసారి నవ్వు,
పండక్కి కొత్త చొక్కా పిల్లోనికి కుదిరినట్టు.

ఇంట్లో ఈరమ్మ పదీ ఎంచె.
మళ్ళా ఎంచె.
"ఇవి అయిపోతే?"

డబ్బా యాడుందో అడిగితి.
మంచె కిందనే ఉందంట, కట్టెతో సహా.