మూడో రోజు మధ్యాహ్నం

ఓటేరి కాలువ గట్టున, కార్పొరేషన్ కల్యాణ మంటపం మేడ మీద
పద్నాలుగు మంది పిల్లలు.
పిల్లలంటే పిల్లలు కారు,
వచ్చే నెల నుంచి పిల్లల్ని కూర్చోబెట్టాల్సినవాళ్ళు.
సాయంత్రం బడి, క్యారమ్ బోర్డు,
గలాటా రాబోతుంటే ముందే ముక్కుకి వాసన తెలియాల్సినవాళ్ళు.

నా చేతిలో నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు,
ఢిల్లీ నుంచి వచ్చిన శిక్షణ పుస్తకం.
ముప్ఫై రెండో పేజీ: ఎదుటివారి చెప్పుల్లో నిలబడండి.
మా ఇళ్ళల్లో ఎవరూ అలా అనరు.
చెప్పులు మెట్ల కిందే విడిచి వచ్చారు,
అక్కడ కూడా రెండు గుంపులుగా.

మొదటి రోజు, మీ వీధి పటం గీయండన్నాను.
కెజియా పటంలో కాలువ అవతల ఏమీ లేదు, తెల్లకాగితం.
ఇళంపరిది పటంలో ఇవతల ఏమీ లేదు.
నౌషీన్ వంతెన ఒక్కటే గీసింది.
"మా అబ్బా పంచర్ షాపు దాని పక్కనే.
రాళ్ళు రెండు వైపుల నుంచీ పడ్డాయి."

మూడేళ్ళ కింద, ఏప్రిల్ ఎండలో, నీళ్ళ లారీ దగ్గర
ఒక ఆకుపచ్చ బిందె ఒక నీలం బిందె ముందుకు జరిగింది.
ఎవరి నోటి నుంచో ఒక కులం పేరు లేచింది.
తర్వాత ట్యూబ్‌లైట్లు.
కెజియా అన్న కాలిలో ఇప్పటికీ ఇనుప కడ్డీ.
ఇప్పుడు లారీ రెండుసార్లు వస్తుంది,
ఇటు ఆరింటికి, అటు ఏడింటికి.
దాన్నే కాగితాల్లో శాంతి అంటారు.

మూడో రోజు సాంబారన్నం తిన్నాక కరెంటు పోయింది.
చార్టు మీద సయోధ్య అని రాశాను.
ఎవరికీ తెలియదా మాట. నాకూ పుస్తకాల్లోనే పరిచయం.
"రాజీ?" అన్నాను.
"రాజీ అంటే స్టేషన్లో సంతకం అక్కా," అంది కెజియా.
"మా అన్నని ఆస్పత్రి నుంచి ఆటోలో తీసుకెళ్ళి పెట్టించారు."

ఇళంపరిది లేచి వాళ్ళ అక్షరాల్లో రాశాడు: సమాధానం.
లిపి తమిళం. మాట మాదే.
కెజియా చదివింది, మెల్లగా.
"అయితే నువ్వే చెప్పాలి."
"ఏం చెప్పాలి?"
"సమాధానం. ఆరోజు ట్యూబ్‌లైట్ పట్టుకున్నవాళ్ళలో
మీ చిన్నాన్న ఉన్నాడా, లేడా?"

అతను రాసింది శాంతి.
ఆమె చదివింది జవాబు.

మధ్యలో నిలబడి తేడా విప్పి చెప్పాలి, అదే నా జీతం.
నోరు పెగల్లేదు.
మా అమ్మమ్మ సువార్తమ్మ వారమంతా ఊరి వీధులూడ్చి
ఆదివారం ప్రార్థనలో తలవంచి వినేది:
మీకు సమాధానము కలుగును గాక.
ఏ ప్రశ్నకి, అని అడిగాను ఐదేళ్ళప్పుడు.
కొంగుతో నా మూతి తుడిచింది. అంతే చెప్పింది.

ఫ్యాను రెక్క మీద ఒక ఈగ నడుస్తోంది.
"ఉన్నాడు," అన్నాడు ఇళంపరిది.
కాసేపటికి, "నేను మేడ మీంచి చూశాను. నాకప్పుడు పదహారు."

పుస్తకంలో ఈ చోట ఇద్దరు కౌగిలించుకున్న బొమ్మ ఉంది.
కెజియా ఏడవలేదు. చేయి చాపలేదు.
"ఏ మేడ?" అని అడిగింది.
అతను నా చేతిలోంచి ఎర్ర పెన్ను తీసుకుని
గోడ దగ్గరికెళ్ళి, ఆమె పటంలో,
కాలువ అవతలి తెలుపులో,
ఒక చిన్న చదరం గీశాడు.
"తలుపు ఎటు?"
గీశాడు.
"మెట్లు?"
అవీ గీశాడు, వంకరగా, చేయి వణికి.

రాత్రి నివేదిక రాస్తూ కూర్చున్నాను.
ఫలితం అని ఒక గడి ఉంది, వేలెడంత.
ఒక మేడ, ఒక తలుపు, మెట్లు అని రాశాను.
కొట్టేశాను.
పద్నాలుగు మంది హాజరు అని రాసి
అలారం ఐదున్నరకి పెట్టుకున్నాను.
ఆరింటికి లారీ. మా ఇల్లు ఇటే.