వనైట్ బేరం

బాబా పోయి నలభై రోజులు దాటినాక
హెస్సమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టింది.
"అన్నదమ్ములకు ఇండ్లు పోయినాయి, వఫ్రా తోట పోయింది,
నా వంతుకు వనైట్ వచ్చింది.
ఎట్లా అమ్మితే మేలో నువ్వే చూడు" అని నవ్వి
ఆ నవ్వును సగంలోనే ఆపేసింది.

డెబ్భై ఎనిమిది మోడలు జీఎంసీ.
పైన తెలుపు, కింద ఎరుపు,
రెండింటి మధ్య ఎన్నటికీ పోని తోట దుమ్ము.
నాకంటే రెండేండ్లు పెద్దది.

నాకు ముందు దీన్ని నడిపింది నందలూరు ఓబులేసన్న.
తలుపు లోపలి రేకు మీద పెన్సిలుతో
ఆయన లెక్కలు ఇంకా ఉండాయి, తెలుగులో.
ఆయిలు మార్చిన తేదీ. టమాట పెట్టెలు 120.
ఒక మూలన చిన్నగా,
పాప పుట్టింది, ఫోను లైను దొరకలేదు.
దాని కింద నుంచి నా చేతిరాత మొదలు.

శుక్రవారం సంతలో నిలబెడితే
మధ్యాహ్నం నమాజు లోపల పోతాది, పోయినకాడికి.
ఫహాహీల్‌లో పాత బండ్లు పోగేసే పెద్దమనిషి
మూడు వేల దినార్లన్నాడు,
కొత్త రంగు కొట్టించాలన్నాడు,
"ఈ పిచ్చిగీతలు మాత్రం వద్దు" అని తలుపు చూపించినాడు.
సాల్మియా కాఫీ అంగడి పిల్లోడు
ఇంజను పీకేసి వాకిట్లో పెడతాడంట,
తొట్టిలో పూలకుండీలు, ఎక్కి ఫోటో దిగడానికి ఒక మెట్టు.
కాడెద్దును బొమ్మలకొలువులో నిలబెట్టినట్టు.

రాత్రి కడుగుదామని బకెట్ తీసుకుపోయినా.
సీటు కింద పిడికెడు ఖర్జూరం గింజలు,
నమిలిన మిస్వాక్ పుల్ల,
పోయిందనుకున్న నా దువ్వెన.
బాబా వాసన కోసం ముక్కు పెట్టి చూసినా.
పెట్రోలు, గొర్రె ఉన్ని, ఎండ.
కడిగితే రెండు వందలు ఎక్కువ పలుకుతాదని తెలుసు.
నీళ్లన్నీ గేటు పక్క రేగుచెట్టుకు పోసి వచ్చినా.

దీని గుణాలు ఏ కాగితంలో రాసియ్యాల?
ఎడమ తలుపును మోకాలితో తడితేగాని మూతపడదు.
మూడో గేరుకు ముందు రవ్వంత ఆగాల.
తాళం తిప్పినాక ఆయిలు ముల్లు లేచేదాకా
దాన్ని తొందర పెట్టకూడదు.
బాబా ఆ సందులో బిస్మిల్లా అనేవాడు.
నేను ఊరికే కూర్చునేవాణ్ని.

అందుకే వచ్చినోళ్లకు తాళమిచ్చి
పక్క సీట్లో కూర్చుంటాన్నా. ఏమీ చెప్పను.
ఫహాహీల్ ఆయన తాళం ముట్టకుండా బానెట్ ఎత్తినాడు.
కాఫీ పిల్లోడు స్టీరింగు పట్టుకుని సెల్ఫీ దిగినాడు.
హెస్సమ్మ అన్న కొడుకు, ఇసకదిబ్బల మీద ఎగిరిస్తానన్నోడు,
ఎక్కీ ఎక్కకముందే యాక్సిలేటరు తొక్కినాడు,
బండి పాత రోగిలా దగ్గి ఆగిపోయింది.

ఈ పొద్దు షువైఖ్ నుంచి గుల్ జమాన్ వచ్చినాడు.
బండ్లు విప్పి సామాన్లమ్మే పఠాను,
గోళ్లలో గ్రీజు, చెవి మీద సగం సిగరెట్టు.
తాళం తిప్పినాడు.
చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
ముల్లు లేచింది.
మూడో గేరుకు ముందు రవ్వంత ఆగినాడు.
"నీకెట్లా తెలుసు?" అంటే
"ఇట్లాంటివి అరవై విప్పినా" అన్నాడు.

దిగేటప్పుడు తలుపు రేకు మీద అంకెలు చూసినాడు.
"నూటిరవై పెట్టెలా? ఎక్కువ మోపినారు.
వెనక కమ్మీలు వంగింది అందుకే."
ఇన్నేండ్లలో ఓబులేసన్న రాత చదివినోడు
నేను కాక ఇతనొక్కడే.
ఏడు వందలు ఇస్తానన్నాడు.
గేరు బాక్సు కబ్ద్ ఒంటెల కొట్టానికి పోతాదంట,
ముందు ఇరుసు ఇంకొక ముసలి జీఎంసీకి.
తలుపు సంగతి నేను అడగలేదు.

హెస్సమ్మ ఫోను చేసింది.
"ఎవరికిస్తే మేలంటావు?"
"ఇంజను ఇంకా వేడెక్కలేదమ్మా, చూసి చెప్తా" అన్నా.

అబద్ధం.
బానెట్ మీద పెట్టిన చెయ్యి కాలుతాంది,
తియ్యలేదు.